సంఘం పొయ్యి మీద మామిడికాయ పప్పు

2023 ఏప్రిల్, గూడెంలోని మహిళా సంఘం షెడ్డు. మధ్యాహ్నం పిల్లలంతా కంచాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. వంట చేసే వరలక్ష్మక్క పప్పు గిన్నె మీద మూత తీసింది. అంతవరకు ఒకరినొకరు గిల్లుకుంటూ, అరుచుకుంటూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా మాట్లాడటం మానేశారు.

నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఇంట్లో ఒకరి గొంతు వినపడకపోతే ఏదో గోడ మీద గీస్తున్నారనో, ఏదో నోట్లో పెట్టుకున్నారనో పరుగెడతాను. కానీ ఇంతమంది పిల్లలు ఆకలి వేళ అన్నం ఎదురుగా పెట్టుకుని ఇలా మౌనంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పచ్చి మామిడికాయ, వెల్లుల్లి తాలింపు వాసన షెడ్డంతా నిండింది. నాకు నోరూరింది. వరలక్ష్మక్క వరస చివర నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. పిల్లలు మాత్రం చేతులు ఒళ్లోకి లాక్కున్నారు. జ్యోతి అనే ఐదేళ్ల పిల్ల పక్కనున్న తమ్ముడి కంచం మీద అరచెయ్యి బోర్లించి, వాడి చెవిలో కోయ మాటలో ఏదో చెప్పింది. ఏదో తప్పు జరిగిందని నాకు అప్పుడే అనిపించింది.

"అక్కా, పప్పులో ఏమన్నా పడిందా?" అని మెల్లగా అడిగాను.

"ఏం పడుద్దమ్మా? నా చేత్తో నేను వండాను. మా పెరట్లో కాయలు. పిల్లలు ఇష్టంగా తింటారని పొద్దున్నే కోయించి తెచ్చాను," అంది వరలక్ష్మక్క. ఆమె ముఖం చిన్నబోయింది.

జ్యోతి తలెత్తింది. "పండుగ కాలే మేడం."

"ఏం పండగే?" అని వరలక్ష్మక్క అడుగుతుండగానే వరస చివర నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది.

"ఇంకా."

సంధ్య. మూడేళ్ల పిల్ల. కంచం ఖాళీ చేసి, మూతి చుట్టూ పప్పు పూసుకుని, చెయ్యి చాచి కూర్చుంది. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నో రోజులుగా ఎదురుచూస్తున్నాను. దాన్ని విని సంతోషపడాలో భయపడాలో తెలియక అలాగే నిలబడిపోయాను. ఈలోపు వరలక్ష్మక్క ఇంకో గరిటె వేసేసింది. జ్యోతి లేచి, "సంధ్య తినేసింది! సంధ్య తినేసింది!" అని అరుచుకుంటూ ఇళ్ల వైపు పరుగెత్తింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. నేను గ్రామీణ పేదరిక నిర్మూలన పథకంలో కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ని. అందరూ సీసీ అంటారు. చండ్రుగొండలో మా ఇల్లు. చుట్టుపక్కల ఊళ్లు, అడవి అంచున ఉన్న గూడేలు కొన్ని నా కిందకు వస్తాయి. స్కూటీ మీద తిరుగుతూ మహిళా సంఘాల సమావేశాలు పెట్టించడం, వాళ్లు ఏం చేయాలనుకుంటున్నారో వాళ్ల చేతే చెప్పించడం నా పని. మా శిక్షణల్లో దీన్ని కమ్యూనిటీ పార్టిసిపేషన్ అంటారు, అంటే ఊరి పనిలో ఊరి వాళ్లే పాలుపంచుకోవడం. చెప్పినంత తేలిక కాదు. చాలా చోట్ల మేం చెప్పింది వాళ్లు వింటారు, తలూపుతారు, ఫోటో దిగుతారు. అంతటితో పని అయిపోయిందనుకుంటాం.

ఆ గూడెంలో సంఘం ఆడవాళ్లు తమంతట తాము కోరింది ఒకటే. బీడీలు చుట్టే తునికాకు కోసే కాలంలో తల్లులందరూ తెల్లవారకముందే అడవికి వెళ్తారు. ఎండ ముదిరాక ఆకు మోపులతో తిరిగొస్తారు. మధ్యాహ్నమంతా ఆకు కొనే కల్లంలో కూర్చుని కట్టలు కడతారు. ఇంట్లో పసిపిల్లలకు వేళకు ఇంత అన్నం పెట్టే దిక్కుండదు. ఏడాది మొత్తంలో చేతికి నాలుగు రూపాయలు వచ్చే కాలం అదే, పిల్లలు చిక్కిపోయే కాలమూ అదే. అందుకని ఆ నెలల్లో పిల్లలను ఒక చోట కూర్చోబెట్టి, రెండు పూటలా తిండి పెట్టే కేంద్రం కావాలన్నారు. బియ్యం, పప్పు, గుడ్లకు పథకం నుంచి సాయం వచ్చింది. పొయ్యి, నీళ్లు, కట్టెలు, వండే మనిషి సంఘం చూసుకోవాలి.

గూడెంలో ఆడవాళ్లంతా ఆకుకు వెళ్తారు కాబట్టి, వండటానికి పక్క ఊరి నుంచి వరలక్ష్మక్కను వాళ్లే అడిగి పిలుచుకున్నారు. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. పెద్ద గొంతు, ధారాళమైన చెయ్యి. ఆమె పిల్లలు పెద్దవాళ్లై దూరంగా చదువుకుంటున్నారు. ఇంట్లో తోచడం లేదని వచ్చింది. వచ్చిన రెండో రోజు నుంచే ప్రతి పిల్లకూ ఒక ముద్దుపేరు పెట్టి పిలిచేది.

ఇక సంధ్య. మాకు ఒక చిన్న కాగితపు టేపు ఇస్తారు. మ్యూయాక్ టేప్ అంటారు. దాన్ని పిల్లల జబ్బకు చుట్టి చూస్తే, ఆకుపచ్చ రంగు వస్తే బాగున్నట్టు, పసుపు వస్తే జాగ్రత్త పడాలని, ఎరుపు వస్తే వెంటనే దవాఖానాకు పంపాలని అర్థం. శివరాత్రి తర్వాత ఒకరోజు సంధ్య జబ్బకు చుడితే ఎరుపు వచ్చింది. నా చిటికెన వేలు కంటే కాస్త లావుందేమో ఆ చెయ్యి. భద్రాచలం దవాఖానాలో కొన్ని రోజులుంచి పంపించారు. తిరిగొచ్చేసరికి టేపు పసుపులోకి మారింది గానీ తిండి మీద మాత్రం పిల్లకు ధ్యాస లేదు. ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని అలాగే నిద్రపోయేది. కేంద్రంలో పదిమంది పిల్లల మధ్య కూర్చోబెడితే తింటుందేమోనని వాళ్లమ్మ సమ్మక్క రోజూ తెచ్చి దింపి వెళ్లేది. ఆ పిల్లే ఆ రోజు "ఇంకా" అన్నది.

గూడెంలో మామిడికాయ పండుగ అయ్యేదాకా ఎవరూ మామిడికాయ ముట్టరు. ఊరంతా కలిసి ముత్యాలమ్మకు కొత్త కాయ పెట్టి, మొక్కి, ఆ తర్వాతే పిల్లా పెద్దా నోట పెట్టుకుంటారు. చిక్కుడుకాయకూ, ఇప్పపువ్వుకూ అంతే. ఇది నేను విన్నదే, జ్యోతి పండుగ మాట ఎత్తేదాకా గుర్తు రాలేదు. వరలక్ష్మక్కకు తెలియదు. ఆమె ఊళ్లో పిందె పడిన నాటి నుంచే పప్పులోకి, పచ్చడిలోకి కోస్తారు.

సాయంత్రం ఆశా వర్కర్ ఫోన్ చేసింది. సంధ్య రెండుసార్లు వాంతి చేసుకుందట.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కేంద్రంలో ఒక్క పిల్ల లేదు. వరలక్ష్మక్క గడప మీద కూర్చుని ఉంది. కడిగిన బియ్యం అలాగే గిన్నెలో నానుతున్నాయి.

"విషం పెట్టినదాన్ని చూసినట్టు చూస్తున్నారమ్మా నన్ను. బోరింగు దగ్గరకి వెళ్తే బిందెలు తీసుకుని పక్కకి జరిగిపోయారు," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమ్మక్క ఇంటికి వెళ్లాను. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి. ఆ రోజు ఆకుకు పోలేదు. సంధ్య చాప మీద పడుకుని కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది. జ్వరం లేదు. ఆశా వర్కర్ ఇచ్చిన ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెం తాగుతోంది. అన్నం మాత్రం వద్దంటోంది.

"దవాఖానాల అడిగిన సమ్మక్కా. ఇన్ని రోజులు చప్పటి తిండి తిన్న కడుపు. ఒక్కసారే పులుపు, కారం పడేసరికి పడలేదంట. భయం లేదన్నరు," అన్నాను.

"అవ్ మేడం. గట్లనే అయుంటది," అంది సమ్మక్క, పిల్ల నుదుటి మీద చెయ్యి తియ్యకుండా. "కని రాత్రి నా బిడ్డ కక్కుతుంటే గివన్నీ నాకు యాదికి రాలే."

"వరలక్ష్మక్కకు తెల్వక చేసింది."

"ఆమెకు తెల్వదని నాకెరుకే. ముత్యాలమ్మకెరుకనా?"

నా కొడుకుకు జ్వరం వస్తే డాక్టరు రాసిన మందు వేస్తాను, వేశాక దిష్టి కూడా తీస్తాను. రెండింటిలో ఏది మానమన్నా నా వల్ల కాదు. సమ్మక్క భయం నాకు కొత్త భాషేమీ కాదు.

బయటకు వచ్చేసరికి మా ఏపీఎం సార్ ఫోన్. మండలంలో మా పై అధికారి ఆయన. మంచి మనిషి, కాకపోతే పైనుంచి అడిగేవాళ్లకు ఆయన జవాబు చెప్పుకోవాలి. "కేంద్రం ఆగకూడదమ్మా. ముఖ్యంగా ఆ పసుపు రంగు పాప. ఒక పని చెయ్యండి, రేపటి నుంచి బడి వరండాలో వండించండి. నేను హెడ్మాస్టరుతో మాట్లాడతాను. పొయ్యి మారితే గొడవే ఉండదు," అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. రేపటి నుంచే పిల్లలు తింటారు. సంధ్య తింటుంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం కల్లానికి వెళ్లాను.

తునికాకు కాలంలో సంఘం సమావేశమంటే కల్లంలోనే. ఆడవాళ్లు చెట్ల నీడన కూర్చుని ఆకులు లెక్కబెట్టి కట్టలు కడుతూనే మాట్లాడతారు. సంఘం అధ్యక్షురాలు కన్నమ్మ, యాభై దాటిన మనిషి, అందరికంటే వేగంగా కడుతుంది. పూజారి ముత్తయ్య తాత కాస్త దూరంలో రాయి మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. సమ్మక్క కూడా సంధ్యను ఒళ్లో పడుకోబెట్టుకుని వచ్చింది.

కాసేపు వాళ్లలో వాళ్లు కోయ మాటలో మాట్లాడుకున్నారు. నాకు సగం అర్థమైంది. మిగతా సగం గొంతుల్లో తెలిసింది. కోపం కంటే దిగులే ఎక్కువ.

రాజమ్మ అనే ఆమె నావైపు తిరిగింది. "నాకొక్కటి సమజ్ కాలే మేడం. మా పెద్దది హాస్టల్ల సదువుతది. ఆడ పండుగ కాకముందే మామిడికాయ పప్పు పెడ్తరు. తింటది. దానికేం కాలే. మంచిగ దున్నపోతు లెక్కున్నది."

అందరూ నవ్వారు. "నీ బిడ్డనే దున్నపోతంటవా!" అని ఎవరో అన్నారు.

"మరి హాస్టల్లో తినొచ్చు, ఇక్కడ తినకూడదు. ఎందుకు?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

కన్నమ్మ చేతిలోని కట్టకు నార బిగించి పక్కన పెట్టింది.

"హాస్టల్ది సర్కారు పొయ్యి బిడ్డా. వాళ్ల కట్టె, వాళ్ల గిన్నె. వాళ్లేం వండినా వాళ్లదే. ఈ పొయ్యికి మట్టి ఎవలు మోసిన్రు?"

"నేనే మోసిన. నడుము ఇరిగింది," అంది రాజమ్మ.

"నేను మోయలేదా?" అని ఇంకొకామె.

"మోసినవ్ తియ్, సగం దారిలనే పారబోసినవ్."

"అగ్గి ఎవలింటి నుంచి తెచ్చినం?" అంది కన్నమ్మ.

"నీ ఇంటి నుంచే గద పెద్దమ్మా."

"మరింకేంది? మన మట్టి, మన అగ్గి. అది మన పొయ్యి. మన పొయ్యి మీద పండుగ కాకముందు మామిడికాయ ఉడికింది. చెట్టు ఎవలదైతేంది?"

ఇన్నేళ్లుగా నేను ఎన్నో ఊళ్లలో ఎన్నో షెడ్లు చూశాను. గోడ మీద సంఘం పేరు ఉంటుంది గానీ లోపల ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. ఇక్కడ ఎవరూ బోర్డు రాయలేదు. వీళ్లకు కోపం వచ్చింది పొయ్యి తమది కాబట్టే. పరాయిదైతే పిల్లలు నిన్ననే కంచాలు ఖాళీ చేసి ఆటకు పోయేవాళ్లు.

అయినా నా కళ్లు సంధ్య చేతి మీదే ఉన్నాయి. నేను మోసుకొచ్చిన మాట చెప్పాల్సిందే. "సార్ ఒక ఉపాయం చెప్పిండు. రేపటి నుంచి బడి వరండాల వండుకోవచ్చు. అది సర్కారుదే గద. ఏ పట్టింపూ ఉండదు. పిల్లలు రేపే తినొచ్చు," అన్నాను.

కొందరు బాగుందన్నట్టు తలూపారు. కన్నమ్మ సమ్మక్కను చూసింది. "నువ్వు చెప్పవే. అందరికంటే నీ బిడ్డ సంగతే పెద్దది. నువ్వెట్లంటే గట్ల."

సమ్మక్క పిల్ల జుట్టు సవరించింది.

"బడి కాడ వండితే, నా బిడ్డకు అన్నం తక్కువ పెట్టిన్రనుకో, ఎవల్ని అడగాల్నో నాకు తెల్వదు," అంది. "ఈడనైతే కన్నమ్మ పెద్దమ్మను పట్టుకుంట. ఉప్పెక్కువైతే తిడ్త."

"ఇప్పుడు మాత్రం తిడ్తలేవా?" అంది కన్నమ్మ. నవ్వులు లేచాయి. సమ్మక్క కూడా నవ్వబోయి ఆగింది.

"మన పొయ్యే కావాలె. కని ముందుగాల దాన్ని మంచిగ చెయ్యండ్రి. అది మంచిగయ్యేదాంక నేను పంపియ్య."

పేదరికం గురించి, పాలుపంచుకోవడం గురించి నేను విన్న శిక్షణలన్నింటిలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అయినా ఆ రోజు నాకు ఆ మాట మెచ్చుకోబుద్ధి కాలేదు. నాకు భయమేసింది. పొయ్యి మంచిగయ్యేదాకా ఆ పిల్ల ఏం తింటుంది?

"ఎవరింట్లోనైనా పొరపాటున ముందే తింటే ఏం చేస్తారు తాతా?" అని ముత్తయ్య తాతను అడిగాను.

ఆయన చుట్ట నేలకు రాసి ఆర్పాడు. "ఇల్లయితే పద్ధతున్నది. పొయ్యి తీసి కొత్త మట్టితోటి పెట్టాలె. ఆ ఇంటి ఆడమనిషి తలకు పోసుకొని, కోడిని తెచ్చి తల్లికి మొక్కాలె, తప్పైందని. కని ఇది ఇల్లు కాదు గద. దీనికి ఆడమనిషేది?"

"వండేటామె లేదా?" అంది కన్నమ్మ.

"ఆమె మనూరామె కాదు. మనోళ్లు కాదు."

"మనోళ్లు కాకపోతే పొద్దంత మన పిల్లల ముక్కులెందుకు తుడుస్తది?" అని రాజమ్మ లేచింది. "మొన్న మా చిన్నోడు ఆమె ఒళ్లనే ఉచ్చ పోసిండు. చీర మార్చుకోను ఇంకోటి లేక, తడి చీరతోనే వండింది. నువ్వెన్నడన్న నీ మనుమని ముక్కు తుడిచినవా తాతా?"

ముత్తయ్య తాత నవ్వును ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత మళ్లీ మా వైపు తిరిగి, "పొయ్యి రాజేసేటామెనే ఇంటిది. ఏ ఇంట్లనైనా అంతే. ఆమె మొక్కుతనంటే తల్లి కాదనదు. పోయి తోలుకరండ్రి," అన్నాడు.

వరలక్ష్మక్క వచ్చింది గానీ నీడలోకి రాకుండా ఎండలోనే నిలబడింది.

"నన్ను మానెయ్యమంటే మానేస్తానండి. పిల్లలకి అన్నం మాత్రం ఆపకండి. ఆ చంటిదాన్ని చూస్తే నాకు నిన్నటి నుంచి ముద్ద దిగలేదు," అంది, సమ్మక్క వైపు చూడలేక.

"మానెయ్యమని ఎవలన్నరు? ముందు నీడకు రా," అంది కన్నమ్మ. చేయాల్సింది చెప్పింది. వరలక్ష్మక్క ప్రతి మాటకూ తలూపింది.

"కోడిని నేనే తెస్తాను, మా ఇంట్లో పెరిగిందే."

"కోడిని తే. మామిడికాయలు మాత్రం తేకు."

ఈసారి నవ్వింది మొదట సమ్మక్కే. వరలక్ష్మక్క ఏడుస్తూ నవ్వింది.

మర్నాడు పాత పొయ్యి తీసేశారు. చెరువు నుంచి కొత్త మట్టి వచ్చింది. ఆకుకు పోవాల్సిన రోజైనా ప్రతి ఇంటి నుంచీ ఒకరు గంప మోశారు. వరలక్ష్మక్క తడి జుట్టుతో, కోడిని చంకన పెట్టుకుని ముత్యాలమ్మ దగ్గర మోకరిల్లింది. ముత్తయ్య తాత ఆమె బదులు కోయ మాటలో ఏదో చెప్పి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. కొత్త మట్టి ఆరేదాకా సంధ్యకు అన్నం ఎలాగన్న నా దిగులుకూ వాళ్లే దారి చూశారు. ఆ రోజు కన్నమ్మ గంజి వార్చి తెచ్చింది. మర్నాడు రాజమ్మ గుడ్డు ఉడికించి, చిదిమి, వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి తినిపించింది. పిల్ల కొంచెం తినేది, ఎక్కువ వదిలేసేది. నేను రోజూ వెళ్లి ఎంత వదిలిందో చూసుకుని మరీ ఇంటికి వచ్చేదాన్ని. మా అత్తమ్మ "మన పిల్లలు తిన్నరా అని ఎన్నడన్న గిట్ల అడిగినవా?" అని దెప్పేది.

పొయ్యి మట్టి ఆరింది. కన్నమ్మ మళ్లీ తన ఇంటి నుంచి అగ్గి తెచ్చి ఇచ్చింది. వరలక్ష్మక్క రాజేసింది. ఆ మధ్యాహ్నం ముద్దపప్పు, గుడ్డు. పిల్లలందరూ వచ్చారు. మూత తీయగానే జ్యోతి మెడ చాచి వాసన చూసింది. వెంటనే కంచం ముందుకు నెట్టింది. అందరూ తింటున్నారు. సంధ్య చోటు మాత్రం ఖాళీ.

వరలక్ష్మక్క ఆ చోట కంచం పెట్టి ఉంచింది. నన్ను చూడలేదు. నేనూ ఆమెను చూడలేదు. బడి వరండాకు మార్చి ఉంటే ఈపాటికి పిల్ల తింటూ ఉండేదేమోనని మనసు పీకుతూనే ఉంది.

పిల్లలు చేతులు కడుక్కునే వేళకు సమ్మక్క వచ్చింది. అడవి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరకు ఆకు జిగురు, ముఖమంతా చెమట. చంకలో సంధ్య. ఎవరితోనూ మాట్లాడకుండా ఆ కంచం ముందు కూర్చుంది. పిల్లను ఒళ్లో పెట్టుకుంది. వరలక్ష్మక్క వడ్డించింది. సమ్మక్క ముద్ద కలిపి ముందు తన నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మేమంతా ఆమె నోటినే చూస్తున్నాం.

"ఉప్పు తక్కువైంది," అంది.

వరలక్ష్మక్క ఉప్పు డబ్బా కోసం పరుగెత్తింది. ఆ పరుగు చూసి సమ్మక్కకు నవ్వొచ్చింది. రెండో ముద్ద చిన్నగా చేసి సంధ్య నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరిచింది. బుగ్గన పెట్టుకోలేదు, మింగింది. మూడో ముద్దకు చుట్టూ చూసి అడిగింది.

"పుల్ల పప్పేది?"

ఉప్పు డబ్బాతో వస్తున్న వరలక్ష్మక్క అక్కడే ఆగిపోయింది. సమ్మక్క బిడ్డను గట్టిగా గుండెకు హత్తుకుంది.

"పండుగ కానియ్యే నా తల్లీ," అంది. "ఈ వరలక్ష్మి పెద్దమ్మతోటి నీకు కుండెడు వండిపిస్త."

పండుగ ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగింది. ప్రతి ఇంటి నుంచీ దోసెడు బియ్యం తెచ్చి ముత్యాలమ్మ దగ్గర పోస్తారు. ఇళ్ల పేర్లు పిలుస్తూ చివర్లో ముత్తయ్య తాత "సంఘం పొయ్యి" అని పిలిచాడు. వరలక్ష్మక్క వెళ్లి తన దోసెడు పోసి వచ్చింది. ఆ మధ్యాహ్నం గూడెం చెట్ల కాయలతో పప్పు వండింది. వానలు పడ్డాక టేపు చుడితే సంధ్యకు ఆకుపచ్చ వచ్చింది. ఆ పిల్ల జబ్బ పట్టుకుని సమ్మక్క, వరలక్ష్మక్క టేపు నాకు తిరిగి ఇవ్వకుండా చాలాసేపు చూసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఏ కాయ ఎప్పుడు వండాలో సంఘం ఆడవాళ్లే చెబుతారు. మేం పంపే వంటల పట్టిక దాని తర్వాతే.

ఈ ఉద్యోగంలో సమావేశానికి ఎంతమంది వచ్చారో రాసుకుంటాం, ఫోటో తీసి పంపుతాం. అవసరమే. కానీ ఆ వేసవి తర్వాత నేను ఇంకొకటి కూడా వెతుక్కుంటున్నాను. ఏ ఊరికి వెళ్లినా, మేం పెట్టినదాన్ని జనం తిడుతున్నారా లేదా అని చూస్తాను. ఉప్పు తక్కువైందని, కట్టెలు తడిశాయని, మాకు చెప్పకుండా చేశారని ఎవరో ఒకరు గొంతు పెంచితే నాకు ధైర్యం వస్తుంది. అందరూ బాగుంది మేడం, బాగుంది మేడం అంటే భయమేస్తుంది. అక్కడ పని ఇంకా మొదలే కాలేదని అర్థం. తొందరపడి పొయ్యి మార్చేస్తే సంధ్యకు ఆ రోజుకు అన్నం దొరికేది. ఊరు మాత్రం ఆ అన్నం నుంచి పక్కకు తప్పుకునేది. ఆ రెండు రోజులు ఆగడానికి నాకున్న ధైర్యం నాది కాదు, సమ్మక్కది.

సంధ్య మళ్లీ కేంద్రానికి వచ్చిన ఆ మర్నాటి పొద్దున మా ఇంట్లో అత్తమ్మ మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి పిల్లల ముందు పెట్టింది. నా కూతురు ముక్క తీయబోతూ నా ముఖం చూసి ఆగింది. "ఏందమ్మా, తినొద్దా?" అంది. నా కొడుకు అప్పటికే వేళ్లు నాకేస్తున్నాడు.

ఇద్దరినీ దగ్గరకు తీసుకున్నాను.

"తినొద్దని నేను చెప్తలేను," అన్నాను. "అడవి కాడ సంధ్య అని ఒక పాప ఉన్నది, తమ్ముడంత ఉంటది. దానికి మామిడికాయ అంటే పాణం. కని వాళ్ల ఊళ్లె పండుగ ఇంకా కాలే, అందుకని ఆగింది. మన పొయ్యి మీద ఏం వండాల్నో, ఎప్పుడు తినాల్నో మనింట్ల మనమే అనుకుందాం. తిందామా, ఆ పాపతోటి కలిసి మనం కూడా ఆగుదామా? నేను చెప్పను. మీరిద్దరూ నానమ్మను అడిగి, ముగ్గురూ కలిసి నాకు చెప్పండి."